నాయినది చెమట మాట, తమ్మునిది గుట్ట మాట

దేవరకొండ వైపు ఒక పల్లె నుంచి ఆరు పేజీల ఉత్తరం వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. రాసినాయనకు 36 ఏళ్లు. నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతారు. శనివారం సాయంత్రం ఊరికి వెళ్లి సోమవారం పొద్దున్నే బస్సెక్కుతారు. ఇంటికి అయిదెకరాల ఇరవై గుంటల భూమి ఉంది. అందులో రెండెకరాలు గుట్ట, దాని కింద బోరు మీద ఎకరంన్నర బత్తాయి తోట, మిగిలిన రెండెకరాలు చెలక. చెలకలో పత్తి పెడతారు.

వాళ్ల నాయిన ఇరవై ఏళ్లు, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట మహారాష్ట్ర, గుజరాత్ తిరిగి కాలువలు తవ్వారు, ఆనకట్టలకు రాయి మోశారు. ఇప్పుడు మోకాళ్లు లేవనివ్వడం లేదు. తమ్ముడు ఫైనాన్స్ మీద ట్రాక్టర్ తీసుకొని కిస్తీలు కట్టలేక నాలుగు లక్షల అప్పులో ఉన్నాడు. ఈ మధ్య, రాయిని కంకర కొట్టే ఒక క్రషర్ యజమాని మధ్యవర్తిని పంపాడు. గుట్టను పదేళ్లకు లీజుకిస్తే ఒకేసారి 12 లక్షలు ఇస్తాడట. తమ్ముడు వెంటనే సంతకం పెడదామంటున్నాడు. "రెక్కలు ముక్కలు చేసుకున్నా మనకు మిగిలిందేంది? భూమి కింద ఉన్నదే మన సొమ్ము, తీసుకుందాం" అంటున్నాడు. నాయిన ససేమిరా అంటున్నారు. "ఊరూరు తిరిగి రాళ్లు కొట్టి ఈ ఇల్లు నిలబెట్టిన. ఇప్పుడు నా ఇంటి ముంగటనే కొట్టిస్తరా?" అని రెండు రోజులు అన్నం ముట్టలేదట.

ఇదే సమయంలో ఈయన బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం: దేశానికి సంపద ప్రకృతి వనరుల వల్ల వస్తుందా, మనుషుల శ్రమ వల్లనా? ఈయనే న్యాయనిర్ణేత. "పిల్లలకు మార్కులు వేసి ఇంటికొచ్చాను మేడమ్. ఇంట్లో అదే పోటీ నడుస్తోంది. ఎవరికి మార్కులు వేయాలో తెలియలేదు. గుట్ట ఇవ్వాలా వద్దా, మీరే చెప్పండి" అని ముగించారు.

నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. "మా అక్క, బావ పోయాక ఇంటికొచ్చింది, ముప్పై మేకలతో గుట్ట మీదే ఉంటుంది, ఆమెకు ఈ విషయంలో అభిప్రాయమేమీ లేదు." దీని దగ్గరికి తర్వాత వస్తాను.

* * *

మీ తమ్ముడి మీద నాకు కోపం రాలేదు. మీకు వచ్చినట్టుంది, ఉత్తరంలో రెండుచోట్ల అతన్ని ఆశపోతు అన్నారు. అతను చిన్నప్పటి నుంచి చూసిందేమిటో ఒకసారి ఆలోచించండి. దసరా వెళ్లగానే నాయిన మూట కట్టుకోవడం, ఎండాకాలం చివర్లో సగం మనిషై తిరిగిరావడం, తెచ్చిన డబ్బు మేస్త్రీ ముందే ఇచ్చిన అడ్వాన్సుకు, కిరాణా బాకీకి సరిపోవడం. శ్రమే సంపద అని ఆ పిల్లవాడికి ఎవరు చెప్పినా ఎట్లా నమ్ముతాడు? ఇరవై ఏళ్ల శ్రమ వాళ్ల ఇంటికి మోకాళ్ల నొప్పి తెచ్చింది. కళ్ల ముందు కదలకుండా కూర్చున్న రాయికి 12 లక్షలు పలుకుతున్నాయి. అతను చూసినదాన్ని బట్టి అతని లెక్క సరైనదే.

నేను పాలమూరులో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పిన రోజుల్లో దసరా తర్వాత వెనక బెంచీలు ఖాళీ అయ్యేవి. అమ్మానాన్నలతో పాటు పిల్లలూ వలస పోయేవాళ్లు. ఒక ఏడాది భారతదేశ పటం వేలాడదీసి నదీ ప్రాజెక్టులు గుర్తించమంటే, అంతకు ముందు వారమే తిరిగొచ్చిన ఒక కుర్రాడు లేచి నాకంటే తొందరగా పెట్టాడు చుక్కలు. ఆ డేరాల్లోనే పెరిగాడు మరి. ఏ డ్యామ్ దగ్గర నీళ్లు ఉప్పగా ఉంటాయో, ఏ కాలువలో మట్టి గట్టిదో కూడా చెప్పాడు. ఆ సంవత్సరం అతను పరీక్షకు కూర్చోలేకపోయాడు. హాజరు చాలలేదు. దేశంలో ఎక్కడ పెద్ద ప్రాజెక్టు కట్టినా పాలమూరు కూలీ ఉంటాడని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఆ కుర్రాడి ఖాళీ బెంచీ గుర్తుకొస్తుంది.

కాబట్టి మీ నాయిన శ్రమ సంపద సృష్టించలేదని అనకండి. సృష్టించింది. ఆ కాలువల కింద చెరకు పండింది, పట్నాలు పెరిగాయి. ఆ సంపద మీ ఇంటి దాకా రాలేదంతే. సంపదను ఎవరు పుట్టిస్తారన్నది ఒక ప్రశ్న, అది ఎవరి దగ్గర నిలుస్తుందన్నది ఇంకో ప్రశ్న. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయి చిక్కుముడి పడింది. నాయిన మొదటిదానికి జవాబు చెబుతున్నారు, తమ్ముడు రెండోదానికి. అందుకే ఒకరి మాట ఒకరికి ఎక్కడం లేదు.

ఇక గుట్ట సంగతి. మీ తాతగారి కాలంలో ఆ రెండెకరాలకు ఎవరైనా విలువ కట్టారా? నాగలి దిగని జాగా, పొలం పంచుకుంటే ఎవరికీ వద్దనిపించే ముక్క. అదే రాయి, అక్కడే ఉంది. ఇప్పుడు ధర ఎందుకొచ్చింది? హైదరాబాద్ ఈ వైపు పెరుగుతోంది కనుక, రోడ్లు వెడల్పవుతున్నాయి కనుక, కంకర పోస్తే తప్ప స్లాబు నిలవదు కనుక. పగలగొట్టే యంత్రం, డీజిల్, టిప్పర్, కొనే బిల్డర్, అతనికి అప్పిచ్చే బ్యాంకు, ఆ ఫ్లాటులో ఉండబోయే సాఫ్ట్‌వేర్ పిల్లల జీతం ఇన్ని కలిస్తేగానీ మీ గుట్ట సొమ్ము కాలేదు. రాయిని వనరుగా మార్చింది మనుషుల పనే. ఈ విషయంలో మీ నాయిన మాటే గెలుస్తుంది.

అయితే మనుషులే అన్నీ అనడం కూడా తప్పు. పదిహేడో శతాబ్దంలో విలియం పెట్టీ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త సంపదకు శ్రమ తండ్రి, నేల తల్లి అన్నాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో కెనే అనే ఆర్థికవేత్త, ఆయన అనుచరులు నిజమైన మిగులు నేల నుంచే వస్తుందని, మిగతా పనులన్నీ ఆ మిగులు మీద బతికేవేనని వాదించారు. 1776లో ఆడమ్ స్మిత్ చూపును శ్రమ వైపు, పని విభజన వైపు మళ్లించాడు. శ్రామికుల పక్షం వహించిన కార్ల్ మార్క్స్ సైతం 1875లో తన పార్టీవాళ్లనే మందలించాడు, సంపదకంతటికీ మూలం శ్రమ ఒక్కటే అనకండి, ప్రకృతి కూడా అంతే మూలం అని. ఇంత చరిత్ర ఉన్న తగువు మీ అరుగు మీద తెగలేదని బాధపడకండి.

మీ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మీ జిల్లాలోనే ఉంది. కృష్ణ ఎన్ని వేల ఏళ్లుగా నల్లగొండ అంచున పారుతోందో. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తున ఆ ఆనకట్టను రాతికట్టడంగా, మనుషులు రాయి మీద రాయి పేర్చి కట్టారు. ఎడమ కాలువ వెళ్లిన మిర్యాలగూడ వైపు వరి వచ్చింది, ధాన్యం వెంట రైసుమిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట లారీలు, వడ్డీ వ్యాపారం, కాలేజీలు వచ్చాయి. అదే నది, అదే జిల్లా. కాలువ కంటే ఎత్తున ఉన్న మీ దేవరకొండకు, మునుగోడుకు నీళ్లు ఎక్కలేదు. మీ ఊరి మనుషులు తక్కువ కష్టపడ్డారా? లేదే. అటు నది ఉంది, ఇటు చెమట ఉంది, మధ్యలో నీళ్లు ఎటు పోవాలన్న నిర్ణయం కూడా ఉంది. ఆ నిర్ణయాన్ని మనం వనరులో కలపం, శ్రమలో కలపం. అది ప్రభుత్వం చేసేది, ప్రజలు అడిగి చేయించుకునేది.

ఆ ఎత్తు నేలల్లో జనం బోర్ల మీద బతికారు. మీ తమ్ముడు సొమ్ము అంటున్న ఆ గ్రానైటు రాతిలో నుంచే బోరునీళ్లలోకి ఫ్లోరైడ్ దిగింది. ఎముకలు వంగిన మనుషులను మీరు మర్రిగూడ వైపు చూసే ఉంటారు, వర్ణించను. ప్రకృతి ఇచ్చేదంతా వరమే అనుకునేవాళ్లకు మీ జిల్లా నీళ్లే జవాబు. దాన్ని ఎదుర్కొన్నదీ మనుషుల తెలివే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సంస్థ, నీరి, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేసింది. దాన్ని ఇతర దేశాల్లో కూడా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తారు. తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణ నీళ్లు గుట్టలెక్కి వచ్చాయి. సోషల్ మాస్టారు కదా, ఈ కథను క్లాసులో తప్పక చెప్పండి. పాఠంలో సొంత ఊరు కనిపిస్తే పిల్లలు తలెత్తి వింటారు.

పోచంపల్లి సంగతి కూడా చెప్పండి. అక్కడ పట్టు పండదు, ఎక్కువగా కర్ణాటక నుంచి వస్తుంది. అక్కడున్నది చిటికి కట్టే వేళ్లు. నూలు నేయకముందే ఎక్కడ రంగు అంటాలో, ఎక్కడ అంటకూడదో లెక్కగట్టి ముడివేసే తెలివి. ఆ ముడి విలువ చీరలో చూడొచ్చు. మరి ఆ విలువ మగ్గం మీద కూర్చున్నవాళ్ల ఇంటికి పూర్తిగా చేరుతోందా అంటే, మీ నాయిన కథే మళ్లీ. షావుకారు నూలిచ్చి మజూరీ ఇచ్చేచోట నేతగాడికి మిగిలేది కూలీ మాత్రమే.

ఇప్పుడు మీ ఇంటి లెక్క వేద్దాం. కాగితం, పెన్ను తీసుకొని తమ్ముడి పక్కన కూర్చుని చేయండి, ఎదురుగా కూర్చోకండి. రెండెకరాలంటే దాదాపు 8,100 చదరపు మీటర్లు. సగటున పది మీటర్ల మందం రాయి తీస్తారనుకుందాం. 81,000 ఘనపు మీటర్లు. మన రాయి ఘనపు మీటరు సుమారు 2.6 టన్నులు తూగుతుంది. అంటే రెండు లక్షల పది వేల టన్నులు. పదిహేను టన్నుల టిప్పర్లు పద్నాలుగు వేలు. మీకిచ్చేది 12 లక్షలు. ఒక్కో టిప్పర్ లోడుకు మీ ఇంటికి వచ్చేది 86 రూపాయలు! అసలు లోతు నాకు తెలియదు, మీరు కొలిపించుకోండి. లోతు సగమే అనుకున్నా లోడుకు 172 రూపాయలే. మీ దగ్గర టిప్పర్ కంకర ఎంతకమ్ముతున్నారో మీ తమ్ముడికే బాగా తెలుసు, ట్రాక్టర్ నడిపేవాడు. పగలగొట్టే ఖర్చు, డీజిల్, ప్రభుత్వానికి కట్టే సీనరేజీ అన్నీ తీసేసినా ఆ 86 రూపాయలు న్యాయమో కాదో అతన్నే చెప్పమనండి. మీరు చెప్తే అన్న పాఠం చెబుతున్నాడనుకుంటాడు.

ఇందులో ఇంకో మాట దాగి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. మీ ఉత్తరంలో ఆ 12 లక్షలను "ఆదాయం" అని రాశారు. అది ఆదాయం కాదు. బర్రె పాలు అమ్మితే ఆదాయం, బర్రెనే అమ్మితే అది ఆస్తి చేతులు మారడం. గుట్ట మళ్లీ పెరగదు. పదేళ్ల తర్వాత అక్కడ ఒక గుంత ఉంటుంది, వానాకాలం నీళ్లు నిండుతుంది, పిల్లలు ఈతకు దిగుతారు. బర్రెను అమ్మడం తప్పని కాదు. కూతురి చదువుకో, ఇంకో మంచి బర్రెకో అమ్ముతాం. ఆ డబ్బును పాల డబ్బులా నెలనెలా వాడేసుకున్నామా, కొట్టం ఖాళీ.

దేశాలు కూడా ఇదే తప్పు చేశాయి. పసిఫిక్ సముద్రంలో నౌరూ అనే దీవి ఉంది, మొత్తం 21 చదరపు కిలోమీటర్లు, మన ఒక పెద్ద ఊరి శివారంత. ఎరువుకు పనికొచ్చే ఫాస్ఫేట్ అక్కడ కుప్పలుగా ఉండేది. 1968లో స్వాతంత్య్రం వచ్చాక తవ్వి అమ్మారు. కొన్నాళ్లు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచారు. దాచిన నిధిని కూడా చెడ్డ పెట్టుబడుల్లో పోగొట్టుకున్నారు. ఫాస్ఫేట్ అయిపోయేసరికి దీవి నడిబొడ్డంతా పనికిరాని రాతి మొనలు మిగిలాయి. తవ్వడానికి నేల లేదు, చేయడానికి నేర్చుకున్న పనీ లేదు.

నార్వేకు 1969లో సముద్రంలో పెద్ద చమురు నిక్షేపం దొరికింది. వాళ్లు 1990లో చట్టం చేసి ఒక నిధి పెట్టారు, 1996లో మొదటిసారి డబ్బు వేశారు. అసలు ముట్టరు, నిధి మీద వచ్చే రాబడి మేరకు, ఏటా మూడు శాతం చుట్టుపక్కల మాత్రమే బడ్జెట్‌కు తీసుకుంటారు. చమురు ఎప్పుడో అయిపోతుంది, నిధి ఉంటుంది. అయితే చమురు రాకముందే వాళ్లకు చదువు, ఓడల పని, లెక్క అడిగే పార్లమెంటు ఉన్నాయన్నది మరువకూడదు. ఆఫ్రికాలో బోట్స్‌వానా 1966లో స్వతంత్రం వచ్చినప్పుడు కడు పేద దేశం. మరుసటి ఏడాదే వజ్రాలు దొరికాయి. తవ్వే కంపెనీతో సగం సగం వాటా ఒప్పందం దాకా తెచ్చుకుంది, ఆ సొమ్ముతో బళ్లు, రోడ్లు కట్టుకుంది. వనరు ఉండటం ఒక్కటే చాలదని, లేకపోవడం ఒక్కటే చెరుపు కాదని జపాన్, దక్షిణ కొరియాలను చూసినా తెలుస్తుంది.

మీ ముందు దారులు ఏమున్నాయో చూద్దాం.

గుట్ట ఇస్తే మొదట తగిలేది బత్తాయి తోటకు. ఆకు మీద దుమ్ము పేరుకుంటే చెట్టు ఊపిరి తీసుకోదు, పూత రాలుతుంది. పేలుళ్లకు బోరు ఏమవుతుందో ముందే ఎవరూ హామీ ఇవ్వలేరు. రాతి పగుళ్లలోనే మన బోర్ల నీళ్లు ఉంటాయి, ఆ పగుళ్లు కదిలితే నీళ్లు పెరగనూ వచ్చు, ఒక్క రాత్రిలో మాయమవనూ వచ్చు. మన నల్లగొండ బత్తాయి రైతులు నీళ్లు లేక చెట్లు కొట్టేసుకున్న కాలం మీరు చూసినదే. ఏడేళ్లు పెంచిన చెట్టు పోతే 12 లక్షల్లో దాని లెక్క ఎక్కడా లేదు. అప్పు మాత్రం తీరుతుంది. అది చిన్న విషయం కాదు, ఫైనాన్స్‌వాళ్లు ఇంటి ముందుకొచ్చి నిలబడితే ఒక మనిషి ఎంత కుంగిపోతాడో నాకు తెలుసు.

ఇవ్వాలనే తేలితే మధ్యవర్తి తెచ్చిన కాగితం మీద మాత్రం వద్దు. లీజు రిజిస్టర్ కావాలి. గనుల శాఖ అనుమతి, పర్యావరణ అనుమతి ఎవరి పేరున ఉన్నాయో చూడాలి. ఇంటికి, బోరుకు ఎంత దూరంలో పేలుస్తారో, ఎన్ని గంటలకు పేలుస్తారో కాగితంలో ఉండాలి. ఒకేసారి ముట్టే మొత్తం బదులు టన్నుకు ఇంత అని మాట్లాడండి, కాంటా చీటీ రోజూ మీ ఇంటికొకటి ఇవ్వాలని రాయించండి. పదేళ్లు కాకుండా మూడేళ్లకు ఒప్పుకుని, తోటకు నష్టం లేకపోతేనే పొడిగించే వీలు పెట్టుకోండి. ఇంత అడిగితే ఆ మనిషి మళ్లీ రాకపోవచ్చు. రాకపోతే అతని ఉద్దేశం ఏమిటో కూడా తెలిసినట్టే.

డబ్బు వస్తే దాన్నేం చేస్తారో డబ్బు రాకముందే అనుకోవాలి. అప్పు నాలుగు లక్షలు తీర్చి, మిగతా ఎనిమిది లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేశారనుకోండి, ఏడాదికి 56,000 వస్తాయి, నెలకు 4,700 లోపు. ఆ ఎనిమిది లక్షలతో ఇల్లు మీద ఇల్లు కట్టి, కారు కొంటే నౌరూ మన ఊళ్లోకి వచ్చినట్టే. మీ తమ్ముడికి డీజిల్ ఇంజిన్ పని చేతిలో ఉంది, దాన్ని పెంచే యంత్రానికో శిక్షణకో కొంత పెడితే గుట్ట పోయినా ఇంట్లో ఒక నైపుణ్యం మిగులుతుంది.

గుట్ట ఇవ్వకపోతే? చేతులు కట్టుకుని కూర్చుంటే అప్పు తీరదు, తమ్ముడికి మీ నాయిన మాట జీవితాంతం గుచ్చుకుంటుంది. కాబట్టి వద్దనే హక్కుతో పాటు అప్పు బరువు కూడా పంచుకోవాలి. మీ జీతం చిన్నదని తెలుసు. అయినా ట్రాక్టర్ అమ్మి అసలులో ఎంత తగ్గించగలరో, మిగతా బాకీ ఫైనాన్స్ నుంచి బ్యాంకుకో సహకార సంఘానికో మార్చుకుంటే వడ్డీ ఎంత దిగుతుందో ఇద్దరూ కలిసి తేల్చాలి. గుట్ట నుంచి కూడా ఏదో ఒకటి వస్తుంది, 12 లక్షలు కాదు. వాలుకు అడ్డంగా కందకాలు తీస్తే వాన నీళ్లు మీ బోరుకే దిగుతాయి, ఉపాధి హామీ పనుల్లో అలాంటివి చేయిస్తారు, గ్రామసభలో అడగండి. పాలమూరు బాలానగర్ గుట్టల సీతాఫలం ఆ ఊరి పేరుతోనే ఒక రకమై దేశమంతా సాగవుతోంది. రాళ్ల సందుల్లో పెరిగే పొదను ఎవరో గమనించారు, మంచి పండు ఇచ్చే చెట్టును ఎంచుకున్నారు. సీతాఫలంతో అప్పు తీరుతుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. మూడు నాలుగేళ్లు ఆగితే ఏటా కొంత వస్తుంది, గుట్ట అక్కడే ఉంటుంది, రాయి ధర పెరిగితే అప్పుడు ఆలోచించే స్వేచ్ఛ కూడా ఉంటుంది. తవ్వాక ఆ స్వేచ్ఛ ఉండదు.

ఇప్పుడు మీ అక్క. ఆమెకు అభిప్రాయం లేదని రాశారు. ఎవరైనా అడిగారా? ముప్పై మేకలు రోజంతా గుట్ట మీద మేస్తున్నాయంటే, ఆ రెండెకరాల మీద ఇవాళ సంపాదిస్తున్న మనిషి మీ ఇంట్లో ఆమె ఒక్కతే. ఏడాదికి ఎన్ని పిల్లలు పుడతాయి, ఎన్ని అమ్ముతుంది, బత్తాయికి ఎంత ఎరువు దిగుతుంది, ఎప్పుడైనా రాసుకున్నారా? మీ నాయిన లెక్కలో గుట్ట జ్ఞాపకం, తమ్ముడి లెక్కలో రాయి, మీ లెక్కలో వక్తృత్వ పోటీ. ఆమెకు అది రోజూ పనిచేసే చోటు. క్వారీ వస్తే ఆమె మేకలు ఎక్కడ మేస్తాయో ఉత్తరం మొత్తంలో ఒక్క మాట లేదు. దేశాల సంపద లెక్కల్లో కూడా ఇదే జరిగింది, ఇల్లు తుడిచి, మేకలు కాసి, నీళ్లు మోసిన ఆడవాళ్ల పనిని ఎన్నో ఏళ్లు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

హక్కు సంగతి కూడా చెబుతాను. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురిది కొడుకుతో సమానమైన హక్కు. మీ గుట్ట తాతల నుంచి వచ్చిందా, నాయిన సంపాదనతో కొన్నదా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది, అది కాగితాలు చూసిన వకీలు చెప్పాలి. ఆమె సంతకం అవసరమని తేలినా తేలకపోయినా ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. "అక్కా, నువ్వేమంటవు?" అని మీ నాయిన ముందు, తమ్ముడి ముందు అడగండి. ఆమె లీజుకే మొగ్గవచ్చు కూడా, ఎండలో తిరిగి తిరిగి అలసిపోయి ఉండొచ్చు. ఏం చెబుతుందో నేను ఊహించను.

మీ నాయినతో మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆయన బాధ రాయి గురించి మాత్రమే కాదు. ఇరవై ఏళ్ల కష్టాన్ని కొడుకు "మిగిలిందేంది" అని తేల్చేశాడు. "నువ్వు కష్టపడ్డవు కాబట్టే నేను టీచరైన" అని మీరు ఎప్పుడైనా ఆయనతో అన్నారా? ఉత్తరంలో నాకు రాశారు, చాలా బాగా రాశారు. అదే వాక్యం ఆయనకు చెప్పండి. తమ్ముడి ముందు చెప్పండి. ఆ కాలువ పని కూలీలో నుంచి పుట్టిన చదువు మీరు. దాన్ని ఏ క్రషరూ తవ్వుకుపోలేదు.

మధ్యవర్తి వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడని రాశారు. ఆ లోపల గుట్ట కొలిపించి, లోడు లెక్క తమ్ముడి చేత వేయించండి. ఆదివారం అతను వచ్చేసరికి అరుగు మీద మీ అక్కకు కూడా ఒక కుర్చీ వేసి ఉండాలి. ఏమైందో రాయండి.